పాత పికప్ కొనేటప్పుడు ఎన్ని సీసీల ఇంజిన్ తీసుకోవాలి? టమాటా లోడుకు తిరిగే బండి లెక్క

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. పుంగనూరు దగ్గరి పల్లె నుంచి రోజూ మదనపల్లె టమాటా మార్కెట్ యార్డుకు, వారానికి రెండుసార్లు చెన్నైకి తిప్పడానికి సెకండ్ హ్యాండ్ పికప్ ఒకటి కొనాలనుకుంటున్నారు. ఒక్కో ట్రిప్పుకు 60 క్రేట్లు వేస్తారు. చేతిలో ఐదు లక్షల రూపాయలున్నాయి. రెండు సిలిండర్ల 700-800 సీసీ బండి, 1500 సీసీ బండి, 2500 సీసీ బండి మూడూ చూసి వచ్చారు. చిన్నదైతే మైలేజీ బాగుంటుందని ఒకరు, పెద్దదైతేనే ఘాట్‌లో లాగుతుందని మరొకరు చెబుతున్నారు. వీటిలో ఏది తీసుకోవాలన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, 60 క్రేట్ల లోడుతో వారానికి రెండుసార్లు చెన్నై వెళ్లే మీకు 2500 సీసీ తరగతి బండే సరైనది. అది కాస్త పాత మోడల్ అయినా ఫర్వాలేదు, ఇంజిన్ కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలిని నొక్కిపట్టే శక్తి, బాగుంటే చాలు. మీ లోడు 45 క్రేట్లకు మించదని మీరు గట్టిగా చెప్పగలిగితే 1500 సీసీ బండి చక్కగా సరిపోతుంది. 700-800 సీసీ బండిని మాత్రం ఈ పనికి పరిశీలనలోకి కూడా తీసుకోవద్దు. అది చెడ్డ బండి అని కాదు, అది వేరే పనికి పుట్టిన బండి.

నేను చాలా ఏళ్లుగా డీజిల్ పికప్‌ల ఇంజిన్ పనులు చేసే షెడ్డు నడుపుతున్నాను. పాత బండి కొనేవాళ్లు ముందుగా చూపించుకోవడానికి నా దగ్గరికి తెస్తుంటారు, లేదా నన్నే వెంట తీసుకువెళ్తుంటారు. ఆ అనుభవంతో, ఈ మాట ఎందుకు అంటున్నానో వివరంగా రాస్తున్నాను. మీ లెక్క మారితే జవాబు కూడా మారుతుంది కాబట్టి కారణాలు తెలుసుకోవడం మీకే అవసరం.

మొదటి సంగతి, సీసీ అన్న ఒక్క అంకెను పట్టుకొని బండిని అంచనా వేయకూడదు. సీసీ అంటే సిలిండర్లన్నిటిలో పిస్టన్లు కదిలే జాగా మొత్తం కొలత. ఆ జాగాలోకి ఎంత గాలి ఎక్కుతోంది, ఎంత ప్రెషర్‌తో డీజిల్ పడుతోంది అన్నదాన్ని బట్టి బలం మారిపోతుంది. టాటా ఇంట్రా వీ30, వీ50 రెండింటిలోనూ 1496 సీసీ ఇంజినే ఉంది. కానీ వీ30 ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, 140 న్యూటన్ మీటర్లు, వీ50 ది 220. ఇంట్రా వీ10 ఇంజిన్ 798 సీసీ, 44 హార్స్ పవర్. దాదాపు అంతే సీసీ ఉన్న మారుతి సూపర్ క్యారీ డీజిల్ 793 సీసీ, 32 హార్స్ పవర్. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్ 702 సీసీకి ఇచ్చింది 16 హార్స్ పవర్ మాత్రమే. మరోవైపు మహీంద్రా బొలెరో పికప్‌లోని 2523 సీసీ ఇంజిన్ బీఎస్4 (2020కి ముందున్న పొగ నిబంధనల) కాలంలో 63 హార్స్ పవర్, 195 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది. కాగితం మీద చూస్తే 1496 సీసీ వీ50 టార్క్ దానికంటే ఎక్కువ. అందుకే మీరు చూసిన 1500 సీసీ బండి ఏ మోడల్, ఏ వేరియంట్ అన్నది చెప్పకుండా అది చాలుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. అది వీ50 అయితే నా జవాబులో కొంత సడలింపు ఉంటుంది. ఎందుకో కింద చెబుతాను.

రెండో సంగతి లోడు బరువు. ఇక్కడ చాలామంది నోటి లెక్కతో సరిపెట్టుకుంటారు. క్రేటుకు 25 కిలోల లెక్కన 60 క్రేట్లకు 1,500 కిలోలు. దీనికి ఖాళీ క్రేటు బరువు కలపడం మర్చిపోతారు. ప్లాస్టిక్ క్రేటు ఒక్కోటి దాదాపు రెండు కిలోలు తూగుతుంది కాబట్టి అదే 120 కిలోలు. తడిసిన టార్పాలిన్, తాళ్లు, స్టెప్నీ పక్కన పెట్టుకున్న జాకీ, సామాను, డ్రైవరు పక్కన కూర్చునే ఇద్దరు కలిస్తే మీ బండి మోసేది 1,750 కిలోల దాకా వెళ్తుంది. ఇప్పుడు బండ్ల సంగతి చూడండి. అశోక్ లేలాండ్ దోస్త్ 2011లో వచ్చినప్పుడు దాని సామర్థ్యం ఒకటింపావు టన్ను. ఇంట్రా వీ30 ది 1,300 కిలోలు, వీ50 ది 1,500 కిలోలు. బొలెరో పికప్ 1.3 టన్నుల నుంచి 1.7 టన్నుల వరకు వేర్వేరు రకాల్లో వచ్చింది, ఇంజిన్ మాత్రం అన్నిటిలో అదే 2523 సీసీ. అంటే పెద్ద ఇంజిన్ ఉన్నంత మాత్రాన పెద్ద లోడు మోసే బండి అయిపోదు. మీ 60 క్రేట్లకు అందులోనూ 1.7 టన్నుల రకమే చూడాలి, డ్రైవరు పక్కన ఒక్కరినే ఎక్కించుకోవాలి. వెనక హౌసింగ్ (చక్రాల మధ్య ఇరుసు ఉండే పెట్టె), కమాన్ కట్టలు (ఇనుప పట్టీల స్ప్రింగులు), టైర్లు, చాసీ కలిసి లోడు మోస్తాయి. ఇంజిన్ దాన్ని లాగుతుంది. ఈ రెండూ వేర్వేరు పనులు.

కొనబోయే బండి ఎంత మోయగలదో తెలుసుకోవడానికి అమ్మేవాళ్ల మాట అక్కర్లేదు. ఆర్‌సీలో లోడుతో కలిపిన బరువు, ఖాళీ బరువు అని రెండు అంకెలు ఉంటాయి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేయండి, మిగిలిందే ఆ బండి మోయడానికి అనుమతి ఉన్న బరువు. అదే కాగితం మీద సీసీ కూడా ఉంటుంది కాబట్టి ఇంజిన్ మారిందేమో కూడా ఇంజిన్ నంబరుతో పోల్చి చూసుకోవచ్చు. ఒక జాగ్రత్త ఏమిటంటే, మన వైపు చాలా బండ్లకు కంపెనీ బాడీ తీసేసి స్థానికంగా ఇనుప బాడీ, పైన క్రేట్లు నిలబడటానికి ఎత్తైన ఇనుప చట్రం కట్టించి ఉంటారు. ఆ ఇనుము బరువంతా మీ లోడులోంచే పోతుంది. అనుమానముంటే ఖాళీ బండిని ధర్మకాటా (బండ్లను తూచే కాటా) ఎక్కించి చూడండి, నిమిషాల్లో తేలిపోతుంది.

పరిమితికి మించి వేస్తే ఏమవుతుందన్నది మీకు తెలియని విషయం కాదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు అని ఉంది. చెన్నై దారిలో రెండు రాష్ట్రాల తనిఖీలు ఉంటాయి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా అదే బరువు ప్రశ్న వస్తుంది.

ఇక ఇంజిన్ పరిమాణం నిజంగా ఎక్కడ తేడా చూపిస్తుందో చెబుతాను. చాలామంది ఘాట్ అంటారు. నా అనుభవంలో అసలు తేడా బండి కదిలే మొదటి పది అడుగుల్లో తెలుస్తుంది. ఇప్పటి డీజిల్ ఇంజిన్లన్నీ దాదాపుగా టర్బో ఉన్నవే. టర్బో అంటే ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే ఫ్యాను లాంటిది, అది పొగ గొట్టంలోంచి వచ్చే గాలి వేగంతో తిరుగుతుంది. ఇంజిన్ నిమిషానికి 1,000 చుట్లు, అంటే 1,000 ఆర్‌పీఎం దగ్గర ఉన్నప్పుడు ఆ వేగం ఉండదు కాబట్టి అది పని చేయనట్టే లెక్క. ఆ క్షణంలో బండిని కదిలించేది సిలిండర్ల అసలు పరిమాణమే. 2523 సీసీ ఇంజిన్ పూర్తి టార్క్ 1,400 ఆర్‌పీఎం దగ్గరే అందుకుంటుంది, అంతకన్నా కింద కూడా సిలిండర్లు పెద్దవి కాబట్టి ఎంతో కొంత లాగుతుంది. 1496 సీసీ వీ50 పూర్తి టార్క్ అందుకునేది 1,750 దగ్గర. కాగితం మీద టార్క్ ఎక్కువైనా, దాన్ని చేరే దాకా డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కి పట్టి క్లచ్‌ను అరగదీస్తూ ఉండాలి.

మీ తోట దగ్గర దీన్ని ఊహించుకోండి. వాన పడిన మర్నాడు గట్టు పక్క బాటలో వెనక చక్రాలు మెత్తటి నేలలో నాలుగు అంగుళాలు దిగి ఉంటాయి. పైన 60 క్రేట్లు. పెద్ద ఇంజిన్ ఉన్న బండిలో మొదటి గేరు వేసి క్లచ్ నెమ్మదిగా వదిలితే ఇంజిన్ ఒకసారి బరువుగా ఊగి బండిని బయటికి తెస్తుంది. చిన్న ఇంజిన్ బండిలో అలా చేస్తే ఆగిపోతుంది. ఆగకూడదని గట్టిగా తొక్కి క్లచ్ సగంలో పట్టి ఉంచుతారు, అర నిమిషంలో క్యాబిన్‌లోకి కాలిన వాసన వస్తుంది. అలా రోజూ జరిగే బండికి క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు, కూలీ కలిపి పది పదిహేను వేల ఖర్చు తరచుగా పడుతుంది. నా షెడ్డుకు క్లచ్ పనికి వచ్చే బండ్లలో తారు రోడ్డు మీదే తిరిగేవి తక్కువ, పొలం బాటల్లోకి దిగేవే ఎక్కువ. మీ చూపు వీ50 మీద ఉండి, మీ తోట దాకా గట్టి రోడ్డు ఉంటే, క్రేట్లు 50 దగ్గర ఆపుకుని దాన్ని తీసుకోవచ్చని నేను చెప్పే సడలింపు ఇదే.

ఘాట్ లెక్క ఇప్పుడు చూద్దాం. లోడుతో కలిపి మొత్తం మూడు టన్నుల బండి, నూరు మీటర్లకు ఆరు మీటర్లు లేచే ఎత్తు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి చక్రాల దగ్గర 25 హార్స్ పవర్ సరిపోతుంది. గేర్ బాక్సులో, హౌసింగ్‌లో పోయే నష్టం కలుపుకున్నా ఇంజిన్ దగ్గర 30 లోపే. అంటే 55 హార్స్ పవర్ ఉన్న పాత దోస్త్ లాంటి మూడు సిలిండర్ల బండి కూడా ఘాట్ ఎక్కుతుంది; కాకపోతే తక్కువ గేరులో, ఎక్కువ ఆర్‌పీఎంలో, వేడెక్కుతూ ఎక్కుతుంది. అదే 16 హార్స్ పవర్ ఏస్ తన మొత్తం ఒకటిన్నర టన్నుల బరువుతో అదే ఎత్తును అదే వేగంతో ఎక్కాలంటే ఉన్న ఊపిరంతా పెట్టాలి. దాని మీద పావు టన్ను అదనంగా వేస్తే మిగులు అన్నదే ఉండదు.

కానీ మీ దారిలో ఒక ప్రత్యేకత ఉంది, దాన్ని మీకు సలహా ఇచ్చినవాళ్లు గమనించినట్టు లేదు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు అంతా ఎత్తు ప్రాంతం. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగితే చిత్తూరు వైపు పల్లం. అంటే మీరు లోడుతో ఘాట్ దిగుతారు, ఖాళీ క్రేట్లతో ఎక్కుతారు. కాబట్టి ఎక్కడానికి బలం చాలుతుందా అన్న ప్రశ్న మీకు అంత ముఖ్యం కాదు. దిగేటప్పుడు బండిని పట్టి ఉంచే శక్తి ఇంజిన్‌కు ఉందా అన్నదే ముఖ్యం. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్ తన లోపలి రాపిడితో, గాలిని లాగి నెట్టే పనితో చక్రాలను వెనక్కి పట్టుకుంటుంది. ఈ పట్టు ఇంజిన్ పరిమాణాన్ని బట్టి, అది తిరిగే ఆర్‌పీఎంను బట్టి ఉంటుంది. 2500 సీసీ నాలుగు సిలిండర్ల బండి మూడో గేరులో నిలకడగా దిగే చోట, 800 సీసీ బండి రెండో గేరులో వేసినా బ్రేకు మీద కాలు తీయలేని పరిస్థితి ఉంటుంది. బ్రేకు అదే పనిగా తొక్కితే వెనక డ్రమ్ములు కాగి, బ్రేకు లైనర్ల పట్టు పోతుంది. మొగిలి ఘాట్‌లో జరిగిన ప్రమాదాల సంగతి మీ ప్రాంతం వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపే డ్రైవర్లు ఇప్పటికీ ఉన్నారు. మీ బండికి పెట్టే డ్రైవరుకు ఆ అలవాటు ఉంటే ఇంజిన్ ఎంత పెద్దదైనా ప్రయోజనం లేదు. ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే గేరు వాడాలన్నది పాత పద్ధతి, ఇప్పటికీ అదే సరైన పద్ధతి.

ఇప్పుడు మైలేజీ. ఈ ఒక్క కారణం చూపించి చిన్న ఇంజిన్ వైపు మొగ్గేవాళ్లే ఎక్కువ కాబట్టి దీన్ని నిదానంగా లెక్క కడదాం. నా దగ్గరికి వచ్చే డ్రైవర్లు చెప్పే అంకెల ప్రకారం, పోను లోడుతో, రాను ఖాళీగా కలిపి చూస్తే 2500 సీసీ పికప్ లీటరుకు 12 కిలోమీటర్లు, 1500 సీసీ తరగతి బండి 15 కిలోమీటర్లు ఇస్తున్నాయి. మీ తిరుగుడు నెలకు 5,000 కిలోమీటర్లు అనుకుంటే మొదటిదానికి సుమారు 417 లీటర్లు, రెండోదానికి 333 లీటర్లు. లీటరు 100 రూపాయలుగా గుండ్రంగా వేసుకుంటే తేడా నెలకు 8,400 రూపాయలు. ఇది చిన్న మొత్తం కాదు, ఇక్కడితో ఆగితే 1500 సీసీయే లాభం.

అయితే ఆ బండ్లు మోసే సరుకు సమానం కాదు కదా. పెద్ద బండి ఒకటిన్నర టన్ను వేసుకుని నాలుగు ట్రిప్పుల్లో ఆరు టన్నులు చేరుస్తుంది. ఒకటిన్నర టన్ను అనుమతి ఉన్న 1500 సీసీ బండి క్రేట్లు, మనుషుల బరువు పోను 1.2 టన్నుల సరుకు వేసుకుంటే అదే ఆరు టన్నులకు ఐదు ట్రిప్పులు కావాలి. చెన్నై రానూపోనూ 470 కిలోమీటర్లు అనుకోండి. నాలుగు ట్రిప్పులకు 1,880 కిలోమీటర్లు, లీటరుకు 12 చొప్పున 157 లీటర్లు. ఐదు ట్రిప్పులకు 2,350 కిలోమీటర్లు, లీటరుకు 15 చొప్పున అవే 157 లీటర్లు. కిలో సరుకుకు పడే డీజిల్ రెండింటికీ సమానం. ఐదో ట్రిప్పుకు డ్రైవరు బత్తా, టోల్ గేట్లు, టైర్ల అరుగుదల, ఒక రాత్రి నిద్ర అదనం. నిండు లోడు దొరికే వ్యాపారానికి పెద్ద ఇంజిన్ మైలేజీలో నష్టం ఉండదు.

ఇదే లెక్క తిరగబడే సందర్భం కూడా ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు మీరు 30 క్రేట్లతోనే యార్డుకు వెళ్లి వచ్చేవారైతే, పెద్ద బండి తన ఖాళీ బరువును ఊరికే మోసుకు తిరుగుతుంది. టమాటా కోత పది నెలలు ఒకేలా ఉండదు కాబట్టి పోయిన రెండు సీజన్లలో మీ యార్డు పట్టీలు (అమ్మకం చీటీలు) తీసి, ఏ నెలలో ఎన్ని క్రేట్లు వెళ్లాయో ఒక కాగితం మీద రాసుకోండి. సగానికి పైగా ట్రిప్పుల్లో 50 క్రేట్లు దాటితే 2500 సీసీ. లేకపోతే 1500 సీసీ కొని, కోత ఎక్కువున్న రోజుల్లో బాడుగ బండి పెట్టుకోవడం తెలివైన పని.

నా దగ్గరికి వచ్చిన రెండు బండ్ల సంగతి చెబుతాను. ఒకాయన పట్టణంలో ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు ఇళ్లకు వేస్తుంటారు. ఎవరో చెప్పారని 2500 సీసీ పికప్ కొన్నారు. ప్రతి వీధిలో ఆపడం, తీయడం, మళ్లీ ఆపడం. రోజంతా తిరిగినా 40 కిలోమీటర్లు దాటదు. ఇంజిన్ సరిగా వేడెక్కే లోపే ఆగిపోతుండేది, సందుల్లో తిప్పుకోవడానికీ ఇబ్బంది పడేవారు. దాన్ని అమ్మించి రెండు సిలిండర్ల చిన్న బండి ఇప్పించాను, ఆయన డీజిల్ ఖర్చు దాదాపు సగమైంది. అలాంటి పనికి ఇప్పుడైతే చిన్న పెట్రోల్ లేదా సీఎన్‌జీ బండి కూడా మంచిదే.

రెండోది ఇనుము, సిమెంటు దుకాణానికి తిరిగిన మూడు సిలిండర్ల బండి. దాని మీద రోజూ రెండు టన్నులకు తగ్గకుండా వేసేవారు. కమాన్ కట్టల్లో అదనంగా రెండు పట్టీలు వేయించారు కాబట్టి బండి చూడ్డానికి కుంగేది కాదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నాలుగేళ్లకు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ సిలిండర్లకూ మధ్య ఉండే సీలు) పోయి నీళ్లు ఆయిల్లో కలిశాయి. విప్పి చూస్తే పిస్టన్ రింగులు అరిగిపోయి, సిలిండర్ లోపలి గొట్టమైన లైనర్ గోడ మీద గోటికి తగిలేంత మెట్టు ఏర్పడి ఉంది. ఇంజిన్ పని ఖర్చు లక్ష రూపాయల దరిదాపుల్లోకి వెళ్లింది, ఆ తర్వాత చాసీకి వెనక వైపు పగులు కనిపించింది. మరమ్మతు అయ్యాక ఆ యజమాని బండిని రంగు వేయించి అమ్మేశారు. దాన్ని కొన్నవారు మీలాంటి రైతే.

ఈ రెండో బండిని ఇంతగా వివరించడానికి కారణం ఉంది. సెకండ్ హ్యాండ్‌లో ఇంజిన్ పరిమాణం ఎంచుకోవడమంటే, ఆ ఇంజిన్ ఇంతకాలం ఎలా బతికిందో ఎంచుకోవడమే. కొత్త బండి కొనేవారికి ఈ సమస్య లేదు. చిన్న ఇంజిన్ మీద సామర్థ్యానికి మించి వేసే అవకాశం ఎక్కువ. అది రోజంతా తన శక్తి చివరి అంచున పని చేస్తుంది, అందులో ఆయిల్ కూడా తక్కువ పడుతుంది కాబట్టి మార్పిడి ఒకసారి ఆలస్యమైతే దెబ్బ వెంటనే తగులుతుంది. అదే లోడు మోసిన 2500 సీసీ ఇంజిన్ తన శక్తిలో సగమో ముప్పాతికో వాడి బయటపడుతుంది. అందుకే ఒకే ఐదు లక్షలకు రెండు మూడేళ్లు కొత్తదైన చిన్న ఇంజిన్ బండి, రెండు మూడేళ్లు పాతదైన పెద్ద ఇంజిన్ బండి ఎదురుగా ఉన్నప్పుడు, మీ లోడుకు నేను పాతదాని వైపే మొగ్గుతాను. మీటరు అంకెను ఇద్దరి దగ్గరా నమ్మను.

పాతది అన్నప్పుడు బీఎస్4, బీఎస్6 మాట వస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్తవన్నీ బీఎస్6. బీఎస్6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, దాన్ని డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడిగా ఉండాలి; అంటే బండి కొంతసేపు ఆగకుండా లోడుతో పరుగెత్తాలి. యార్డులో వంతు కోసం గంటలకొద్దీ స్టార్టింగ్‌లో ఉంచి, ఊళ్లోనే తిరిగే బండికి ఆ ఫిల్టరు మూసుకుపోయి డ్యాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది. పెద్ద ఇంజిన్‌ను తక్కువ లోడుతో తిప్పితే పొగ చల్లగా ఉండి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువవుతుంది. మీకు వారానికి రెండుసార్లు చెన్నై ప్రయాణం ఉంది కాబట్టి ఫిల్టరు దానంతటదే శుభ్రపడుతుంది, బీఎస్6 కు భయపడనక్కర్లేదు. కాకపోతే మీ డబ్బుకు 2500 సీసీలో బీఎస్4 బండ్లే ఎక్కువ దొరుకుతాయి. వాటి మరమ్మతు పలమనేరు, పుంగనూరు లాంటి చోట్ల ఏ మెకానిక్‌కైనా వచ్చు, సామాను కూడా సులభంగా దొరుకుతుంది. ఒక్క విషయం గుర్తుంచుకోండి: ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఏటా చేయించాలి, అంతకుముందు రెండేళ్లకోసారి చాలు. 2018లో రిజిస్టరైన బండికి 2026తో ఆ గడువు వస్తుంది. ధర మాట్లాడేటప్పుడు ఆ ఖర్చునూ, చేయించడానికి బండి ఆగిపోయే రోజులనూ లెక్కలో వేయండి.

బండి చూడడానికి వెళ్లేటప్పుడు ఇలా చేయండి. ఉదయాన్నే వస్తామనీ, అప్పటిదాకా స్టార్ట్ చేయవద్దనీ ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే ముందే వేడి చేసి ఉంచారని అర్థం, మరో రోజు రండి. చల్లటి ఇంజిన్ రెండు మూడు తిప్పుళ్లలో అందుకోవాలి. తెల్లటి పొగ ఒక నిమిషం వచ్చి ఆగిపోతే ఫర్వాలేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే ఆయిల్ కాలుతోందని అర్థం.

ఆ తర్వాత ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని అదే రంధ్రం మీద తిరగేసి వదులుగా పెట్టండి. మంచి ఇంజిన్ మీద ఆ మూత కొద్దిగా వణుకుతూ అక్కడే ఉంటుంది. మూత ఎగిరెగిరి పడుతూ, దాని అంచుల నుంచి గుప్పుగుప్పున ఆయిల్ పొగ వస్తుంటే బ్యాక్ కంప్రెషన్ కొడుతున్నట్టు. అంటే రింగులు అరిగి సిలిండర్‌లోని గాలి కిందికి దిగిపోతోంది. రెండు సిలిండర్ల ఇంజిన్లో మూత సహజంగానే కాస్త ఎక్కువ ఊగుతుంది కాబట్టి ఊపును చూడకండి, పొగను చూడండి. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచే జాలీకి) వెళ్లే రబ్బరు పైపు ఒక కొస విప్పించి లోపల వేలు పెట్టండి. పలచటి జిడ్డు మామూలే, వేలి నుంచి చుక్కగా కారేంత ఆయిల్ ఉంటే టర్బో సీలు పోయింది. కమాన్ కట్టల్లో పట్టీలు ఎన్నో లెక్కపెట్టి, అదే మోడల్ ఇంకో బండితో పోల్చండి. అదనపు పట్టీలు కనిపిస్తే ఆ బండి ఏ బరువు మోసిందో అవే చెబుతాయి. అప్పుడు కింద పడుకుని చాసీ మీద వెల్డింగు గుర్తులు వెతకండి.

కాగితాల్లో ఫైనాన్స్ తీరిపోయి ఆర్‌సీలో కొట్టివేయించారా, ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్, టాక్సు ఎప్పటిదాకా ఉన్నాయి, పెండింగు చలాన్లు ఉన్నాయా అన్నవి ప్రభుత్వ రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైటులో బండి నంబరు కొట్టి మీరే చూసుకోవచ్చు.

చివరిగా, ఖాళీ బండిని నడిపి చూసి బేరం ముగించకండి. ఖాళీగా ఏ ఇంజినైనా హాయిగానే పోతుంది, 800 సీసీకీ 2500 సీసీకీ తేడా కంటికి ఆనదు. అడ్వాన్సు ఇచ్చే ముందు మీ క్రేట్లే 60 వేసుకుని, అమ్మేవారిని పక్కన కూర్చోబెట్టుకుని, పలమనేరు దాకా వెళ్లి రండి. దారిలో ఏదైనా ఎత్తు మధ్యలో బండి ఆపి, హ్యాండ్ బ్రేకు మీద నిలబెట్టి, మొదటి గేరులో మళ్లీ కదిలించండి. క్లచ్ జారకుండా, వాసన రాకుండా కదలాలి. తిరిగి వచ్చాక ఉష్ణోగ్రత ముల్లు ఎక్కడుందో చూసి, ఇంజిన్ చల్లారాక రేడియేటర్ మూత తీసి నీళ్ల మీద ఆయిల్ తెట్టు ఉందేమో పరిశీలించండి. దీనికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బండి ఎంత మెరుస్తున్నా కొనవద్దు. ఐదు లక్షల్లో బండికి నాలుగు లక్షల ముప్పై వేలు దాటనివ్వకుండా, మిగిలింది ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకు లైనర్లు, బెల్టులు, రెండు టైర్లు అన్నవాటికి పక్కన పెట్టండి. మొదటి నెలలోనే అవన్నీ మార్చాక లోడు ఎక్కించండి. మీరు చూసిన మూడు బండ్ల మోడల్, రిజిస్ట్రేషన్ సంవత్సరం, ఆర్‌సీలోని రెండు బరువుల అంకెలు ఇక్కడ రాస్తే, వాటిలో దేన్ని ముందుగా చూడాలో చెబుతాను.